పరీక్షకు ముందు బండి క్రిందిభాగమును కడుగవలెనా?

పండుగనాడు ముంగిలి నలికి ముగ్గు పెట్టుట వేరు. పెట్టెలు జరిపి గోడమూలల చెదలు వెదకుట వేరు. మొదటిది కంటి కింపు, రెండవది యింటికి రక్ష. ఈ భేదము గృహిణులకు తెలిసినంత బాగుగా మరెవ్వరికిని తెలియదు. మోటారుబండి విషయమునను సరిగా నిట్టి భేదమే కలదు. రవాణాశాఖవారి యోగ్యతాపరీక్షకు బండిని గొనిపోవు దినములు సమీపించినప్పుడు, దాని క్రిందిభాగమును కడిగింపవలెనా, అక్కరలేదా యను చర్చ బండి గల ప్రతి యింటను బయలుదేరును. "పైన తళతళలాడుచున్న చాలదా? క్రింద నెవరు చూచెదరు?" అని కొందరందురు. "కడిగి నల్లరంగు పూసినచో పాతబండియు కొత్తదివలె కనబడును" అని మరికొందరందురు. మొదటివారు చూడదగినదానిని చూడరు. రెండవవారు చూడవలసినదానిని మరుగుపరతురు.

ఇది పురుషుల వ్యవహారము, మనకేల యని సోదరీమణులు తలంపరాదు. కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడనే తీసికొందము. చుట్టుపట్ల పల్లెలనుండి పిల్లలు ప్రొద్దుననే బస్సులెక్కి బడికి వత్తురు. పురిటినొప్పులతో నున్న తల్లి ఆటోలోనో జీపులోనో మాతాశిశు ఆసుపత్రికి చేరును. ఒక్క కారును కిరాయికి నడిపి సంసారము నీడ్చు కుటుంబములు నెన్నో కలవు. బండి క్రింద నొక బ్రేకు పైపు తుప్పుపట్టి పగిలిన, నష్టపడునది యీ తల్లులును, ఈ పిల్లలును గదా!

చట్ట మేమి చెప్పుచున్నదో ముందుగా తెలిసికొనుట మంచిది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 56వ సెక్షను ప్రకారము, కిరాయికి ప్రయాణికులను గాని సరకులను గాని చేరవేయు బండ్లకును, బడి బస్సులకును యోగ్యతాపత్రము తప్పక యుండవలెను. అది లేనిదే ఆ బండి రిజిస్ట్రేషను చెల్లినట్లు లెక్కింపబడదు. 2018లో సవరింపబడిన కేంద్ర నిబంధనను బట్టి, 8 సంవత్సరములు దాటని బండ్లకు రెండేండ్లకొకమారును, అంతకు మించిన పాతబండ్లకు ఏటేటను ఆ పత్రమును మార్చుకొనవలెను. బడి బస్సులకు వేసవి సెలవులలో, బడులు తెరచులోపల నీ పరీక్ష ముగించుట తెలంగాణమున వాడుక. సొంతకారునకు 15 సంవత్సరములవరకు రిజిస్ట్రేషను చెల్లును. పిదప 5 సంవత్సరములకొకమారు చూపించుకొనవలెను. బ్రేకులు, స్టీరింగు, దీపములు, టైర్లు, కమానుకట్టలు, సైలెన్సరు, పొగ మొదలగువానిని పరీక్షింతురు. వీనిలో సగము క్రిందిభాగముననే యున్నవి. అచ్చట జానెడు మన్ను పేరుకొని యున్నచో పరీక్షించువారు మాత్రమేమి చూడగలరు?

బాన్సువాడ ప్రాంతమున నీ మన్ను సామాన్యమైనది కాదు. మంజీరానదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరు నీటితో ఇచ్చట వానకాలమునను, యాసంగిలోను వరి పండును. కరిగెట దున్ని వచ్చు ట్రాక్టర్ల చక్రములనుండి జారిపడిన బురద రోడ్లనిండ పరచుకొనును. దానిపై పోవు బండ్ల క్రింద నది అతుకుకొని, ఎండి, గట్టిపడి, లోలోపల తేమను విడువక పట్టియుంచును. ఇనుము తుప్పుపట్టుటకు గాలియు తేమయు చాలును. దీనికి తోడు పొటాషువంటి ఎరువుల బస్తాలను మోసిన బండియైనచో, రాలిన ఎరువు ఉప్పువలె ఇనుమును మరింత త్వరగా తినును. కోతలకాలమున రోడ్లపై పరచిన గడ్డి, తిరుగు ఇరుసులకు చుట్టుకొనును. వేడెక్కిన సైలెన్సరు కొట్టమునకు తగిలిన గడ్డి అంటుకొని బండికే నిప్పు సోకవచ్చును. ఇది పరీక్షకొరకు గాదు, ప్రాణముకొరకు తీయవలసిన చెత్త.

ఇతర దేశములలోను నీ ప్రశ్న యున్నది. బ్రిటనులో 1960నుండి కార్లకు యోగ్యతాపరీక్ష జరుగుచున్నది. నేడు మూడేండ్లు నిండిన కార్లకు సామాన్యముగా నేటేట చేయించవలెను. అచ్చట బండి పరీక్షింప వలనుగానంత మురికిగా నున్నచో, పరీక్షించువాడు చూడ నిరాకరింపవచ్చునని నిబంధనయే కలదు. శీతకాలమున మంచు కరగుటకై రోడ్లపై చల్లు ఉప్పు ఆ దేశపు కార్లకు పెద్ద శత్రువు. జపానులో కొత్తకారునకు మూడేండ్లకును, అటుపిమ్మట రెండేండ్లకొకమారును పరీక్ష జరుగును; ఆ సమయమున క్రిందిభాగమును ఆవిరితో కడిగి, తుప్పు పట్టకుండ రంగు పూయుట అచ్చటి కార్ఖానాలలో పరిపాటి.

కాబట్టి కడుగవలెననుటలో సందేహము లేదు. ఎప్పుడు, ఎందుకు కడుగవలెననునదియే ముఖ్యము. పరీక్షకు పోవు దినమున ప్రొద్దుట కడిగించినచో మన్నుతోబాటు నూనె కారిన గుర్తులును పోవును. ఎక్కడనుండి కారుచున్నదో యజమానికి తెలియదు, పరీక్షాధికారికిని తెలియదు. పత్రము చేతికి వచ్చును; కారుట మాత్రము ఆగదు. అట్లుగాక ఏడెనిమిది దినములు ముందుగా కడిగించి, బాగుగా ఆరిన పిమ్మట రెండుమూడు దినములు యథాప్రకారము నడిపి, మరల క్రింద చూడవలెను. శుభ్రమైన ఇనుముపై క్రొత్తగా తడి కనబడిన చోటే లోపము గల చోటు. తెల్లని వస్త్రముపై మరక దాగదు గదా! పిదప బాగుచేయించుటకు గడువును మిగులును. తప్పిన పరీక్షకు మరల తిరుగుచు, కిరాయి లేక నాలుగు దినములు బండిని ఇంట నిలుపుకొను బాధయు తప్పును.

కడుగు విధము కూడ తెలిసియుండుట మేలు. ఇంజను చల్లారిన తరువాతనే నీరు పోయవలెను. ఎండిన మన్నును ముందుగా నీటితో నానబెట్టి, కర్రముక్కతో మెల్లగా రాల్చి, పిమ్మట వత్తిడినీటితో కడిగింపవలెను. విద్యుత్తు తీగెలు కలియు చోట్లను, రబ్బరు తొడుగులను, చక్రముల బేరింగులను సూటిగా కొట్టరాదు. కొందరు మెరుపుకొరకై డీజిలును, వాడిన ఇంజను నూనెను చల్లింతురు. ఇది మంచి పని కాదు. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడును. బ్రేకు పట్టీలపై పడినచో బ్రేకు పట్టదు. దుమ్ము మరింత అంటుకొనును. కడిగిన వెంటనే బండిని మెల్లగా నడుపుచు రెండుమూడు మార్లు బ్రేకు నొక్కి తడి నార్పవలెను. మరియొక హెచ్చరిక: జాకీపై మాత్రమే యెత్తిన బండి క్రింద నెవ్వరును దూరరాదు. జాకీ జారిన ప్రాణము దక్కదు. దృఢమైన స్టాండ్లు గాని, సర్వీసింగు గుంట గాని యున్నచోటనే యీ పని జరుగవలెను.

రంగు సంగతి వేరు. తుప్పు గోకి, బలహీనమైన భాగమును మార్చి, శుభ్రపరచిన పిదప పూసిన రంగు బండికి కవచము. తుప్పుమీదనే పూసిన రంగు చెదపట్టిన దూలమునకు వేసిన సున్నము వంటిది.

బండిని గూర్చి శాస్త్రము చదువనక్కరలేదు. నాలుగు ప్రశ్నలడుగుట నేర్చిన చాలును. మెకానిక్కును గాని, ఇంటివారిని గాని యిట్లడుగుడు: బ్రేకు పైపులకు తుప్పు గాని, చక్రముల లోపలివైపున తడి గాని యున్నదా? స్టీరింగు కీళ్లపై రబ్బరు తొడుగులు చినిగినవా? కమానుపట్టీలలో నేదైన విరిగినదా? సైలెన్సరుకు రంధ్రము పడినదా? ఈ నాలుగింటికి "లేదు" అను జవాబు కన్నులార చూచి చెప్పినదై యుండవలెను. పిల్లలను బస్సులో పంపు తల్లులు, బడివారిని యోగ్యతాపత్రపు గడువు ఎప్పటివరకున్నదని మర్యాదగా నడుగుటలో తప్పేమియు లేదు. ఒకరడుగుట కంటె పదిమంది తల్లులు కలిసి యడిగిన ఫలము త్వరగా కలుగును.

యోగ్యతాపత్రము ఆ దినమున బండి యెట్లున్నదో చెప్పును. తక్కిన మూడువందల అరువది నాలుగు దినముల పూచీ యింటివారిదే. కావున వరినాట్లు ముగిసిన పిమ్మట నొకమారు, కోతలు ముగిసిన పిమ్మట నొకమారు క్రిందిభాగమును కడిగించి చూచుట బండి గల ప్రతి యింటను నియమముగా పెట్టుకొనదగును. అట్లు చేయువారికి పరీక్షాదినము భయము గొల్పదు. నిత్యము ఊడ్చుకొను ఇంటికి చుట్టములు చెప్పక వచ్చినను తొట్రుపాటు కలుగదు.