బొంత మీద పేర్లు

పాత చీరలతో బొంత కుట్టడం మన ఆడవాళ్లకు తెలిసిన పనే. అమెరికాలో కూడా ఆడవాళ్లు గుడ్డముక్కలు కలిపి బొంతలు కుట్టేవారు.

1840 తర్వాత అక్కడ చాలా కుటుంబాలు కొత్త భూముల కోసం పడమటి వైపు వలస పోయాయి. ఎడ్ల బండ్ల మీద నెలల తరబడి ప్రయాణం. వెళ్లినవాళ్లు మళ్లీ కనబడతారన్న నమ్మకం లేదు.

అందుకని నేస్తాలంతా ఒక పని చేసేవారు. తలా ఒక గుడ్డముక్క తమకు నచ్చినట్టు కుట్టేవారు. దాని మీద ఉతికినా పోని సిరాతో తమ పేరు రాసేవారు. చేతిరాత కుదరనివారి పేరు మరొకరు రాసిపెట్టేవారు. దూరాన ఉన్నవాళ్లు తమ ముక్కను టపాలో పంపేవారు. అన్నీ కలిపి కుడితే బొంత అయ్యేది. ఊరు విడిచి వెళ్లే ఆమెకు అది కానుక. కప్పుకుంటే చలి ఆగేది. చదువుకుంటే నేస్తాలు గుర్తొచ్చేవారు.

1850కి ముందు ఆ దేశం జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు. ఆ పెద్ద ఎక్కువగా మగవాడే. మిగతా ఆడవాళ్లను లెక్కపెట్టారు గానీ పేరు రాయలేదు.

అలా లెక్కల్లోకి ఎక్కని పేర్లు బొంతల మీద మిగిలాయి. అలాంటి బొంతలు కొన్ని అక్కడి మ్యూజియంలలో దాచారు. ఆ ఆడవాళ్ల పేర్లు ఇప్పటికీ చదవొచ్చు.