అమ్మ చేయి అందేంత దూరం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పట్టుపురుగులు పెంచే రైతు, చాకీ (లేత) పురుగులున్న గదిలో వేడి 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజూ చూసుకుంటాడు. గాలి ఆడుతోందా, తేమ చాలిందా, ఎక్కడినుంచైనా పొగ వస్తోందా అని కనిపెట్టుకుని ఉంటాడు. అదే ఇంట్లో పుట్టిన బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలనే మాట వచ్చినప్పుడు మాత్రం ఇంత లెక్క కనిపించదు. పెద్దవాళ్ళు చూపిన మూలో, పెళ్ళికి పెట్టిన డబుల్ కాటో, దూలానికి కట్టిన చీర ఉయ్యాలో, ఏది వీలైతే అదే బిడ్డ పడక అవుతుంది. నిజానికి లెక్క చిన్నదే. బిడ్డ తల్లి ఉన్న గదిలోనే ఉండాలి, ఆమె చేయి అందే దూరంలో ఉండాలి, తనకంటూ వేరే పక్క ఉండాలి, వెల్లకిలా పడుకోవాలి. మొదటి రెండూ మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నవే. పట్టుబట్టి అలవాటు చేసుకోవలసినవి చివరి రెండు.

దగ్గర ఎందుకంటే, పసికందుకు రాత్రీ పగలూ తేడా లేదు, రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. పక్కనే ఉంటే బిడ్డ ఏడుపు అందుకోకముందే, పెదవులు చప్పరించడం చూసి తల్లి లేస్తుంది. చలి ఇంకో కారణం. హార్సిలీ కొండల దాపున ఉన్న కురబలకోటలో డిసెంబరు, జనవరి రాత్రులు బాగా చల్లబడతాయి. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. దాన్ని నిలుపుకొనే శక్తి పసివాడికి ఇంకా చాలదు, తక్కువ బరువుతో పుట్టినవాడికి మరీ చాలదు. అలాంటి బిడ్డను తల్లి మేల్కొని ఉండగా రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పట్టుకునే కంగారూ పద్ధతి ప్రాణాలు కాపాడుతుందని 2021లో మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది. బిడ్డను మొదటి నుంచీ వేరే గదిలో పడుకోబెట్టే పాశ్చాత్యుల అలవాటును మనం అరువు తెచ్చుకోవలసిన పని లేదు. అక్కడి వైద్యులే ఇప్పుడు వద్దంటున్నారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022 సూచనల్లో, కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, విడి పక్క మీద పడుకోబెట్టమని చెప్పింది.

విడి పక్క, వెల్లకిలా అని పట్టుబట్టడానికి కారణం వేరు. ఏ జబ్బూ కనబడని పసిబిడ్డ నిద్రలోనే పోయే ఆకస్మిక మరణాలు కొన్ని ఉంటాయి. బోర్లా పడుకున్న బిడ్డల్లో ఇవి ఎక్కువని బయటపడ్డాక, ఇంగ్లండు 1991లో, అమెరికా 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాయి. పదేళ్ళు తిరగకుండానే అమెరికాలో ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మెత్తటి పరుపులో ముఖం కూరుకుపోయినా, దుప్పటి ముక్కు మీదికి వచ్చినా తల తిప్పుకునే బలం పసివాడికి ఉండదు. తను వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తూ ఉండిపోతాడు.

ఇక్కడే పెద్దవాళ్ళు ఒక మాట అడుగుతారు. మమ్మల్నందరినీ మా అమ్మలు పక్కలోనే వేసుకుని పెంచలేదా? అడగవలసిన ప్రశ్నే. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో జరిపి 2012లో ప్రచురించిన పరిశోధన దీనికి కొంత బలమిస్తుంది. అక్కడి దక్షిణాసియా కుటుంబాల్లో బిడ్డను పక్కలో వేసుకోవడం ఎక్కువే, అయినా ఆకస్మిక మరణాలు తెల్లవాళ్ళ ఇళ్ళకంటే తక్కువ. అయితే ఆ దక్షిణాసియా ఇళ్ళలో తల్లులు పొగ తాగడం, మద్యం ముట్టడం, బిడ్డతో సోఫాలో నిద్రపోవడం చాలా అరుదు. అంటే వాళ్ళను కాపాడింది పక్క ఒక్కటే కాదు, ఆ పక్క చుట్టూ ఉన్న జీవనం. మన అమ్మమ్మల కాలంలో ఆ పక్క చాప. ఇప్పుడది దిగబడే ఫోమ్ పరుపు, రెండు దిళ్ళు, మందపాటి రగ్గు, గోడకూ మంచానికీ మధ్య సందు. పేరు పాతదే, వస్తువు మారింది. పైగా మూడు నెలల లోపు బిడ్డలకు, తల్లిదండ్రులు పొగ తాగకపోయినా, పక్కలో పడుకోబెడితే ప్రమాదం పెరుగుతుందని 2013లో వచ్చిన మరో లెక్క చెబుతోంది. దాని మీద వైద్యుల మధ్య వాదం తెగలేదు. తెగేదాకా జాగ్రత్త వైపే మొగ్గడం మేలు. బీడీ తాగే తండ్రి గానీ, మందు వేసుకుని వచ్చిన తండ్రి గానీ ఉన్న మంచం మీద ఏ బిడ్డకూ, ఏ మంచం మీదైనా రెండున్నర కిలోల లోపు బిడ్డకూ చోటు లేదు, ఇందులో మాత్రం వాదమే లేదు. తల్లి పడుకుని పాలిస్తూ కునుకు తీస్తే తనను తాను నిందించుకోనక్కర్లేదు. మెలకువ రాగానే బిడ్డను దాని విడి పక్క మీదికి మార్చితే చాలు. సోఫాలో కూర్చుని పాలిస్తూ నిద్రపోవడం అంతకంటే ఎక్కువ ప్రమాదం.

వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడవా అన్నది ఇంకో భయం. వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, అన్నం గొట్టం కింద ఉంటాయి, పాలు ఎదురెక్కి గాలి గొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా ఉంటే ఆ వరస తిరగబడుతుంది. తల చదునవుతుందంటారా, మెలకువగా ఉన్నప్పుడు ఎదుటే కూర్చుని కాసేపు బోర్లా వేయవచ్చు. ఆవాల దిండు అవసరం లేదు. చీర ఉయ్యాలను తప్పుపట్టలేం, ఏడ్చే బిడ్డకు దానంత ఊరట లేదు. కానీ గుడ్డ గుంతపడి, గడ్డం రొమ్ముకు ఆని, ఊపిరి బిగుసుకోవచ్చు. కనుక మనిషి ఎదురుగా ఉన్నంతసేపే ఉయ్యాల, రాత్రంతా కాదు. చలికి చొక్కా మీద చొక్కా వేయాలి కానీ తలుపులు బిగించి కుంపటి పెట్టకూడదు. బొగ్గుల విషవాయువుకు వాసన ఉండదు.

చోటు లేదనడం సబబైన అభ్యంతరమే. నీరుగట్టువారిపల్లెలో మగ్గమే సగం ఇల్లు. కానీ విడి పక్కంటే విడి గది కాదు, కొన్న తొట్టీ కాదు. తల్లి చాప పక్కన మరో చాప, దానిమీద సమంగా, ముడతలు లేకుండా పరిచిన దుప్పటి, పైన దోమతెర, అంతే. కుంగిన నులక మంచం కంటే అదే నయం. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆకస్మిక మరణాల ముప్పు ఎక్కువగా ఉండేది ఆ తర్వాతే, రెండు నుంచి నాలుగు నెలల మధ్య. మన దగ్గర చాలామంది బాలింతలు పుట్టింటి నుంచి అత్తింటికి కదిలేదీ ఇంచుమించు అప్పుడే. పుట్టింట్లో కుదిరిన పక్క అక్కడే ఉండిపోతుంది, కొత్త ఇంట్లో ఎవరూ అనుకోకుండానే డబుల్ కాట్ మీద నడుమ చోటు సిద్ధమవుతుంది. సారెతో పాటు ఆ చిన్న చాపను కూడా చుట్టి పంపడం పుట్టింటివారు మరిచిపోకూడదు.