‘తీరం దాటింది’ అంటే గండం గడిచినట్టేనా?

అక్టోబరు వచ్చిందంటే బరంపురం నుంచి యానాం దాకా మన ఇళ్లలో అందరి చెవులూ వాతావరణ వార్తల మీదే ఉంటాయి. టీవీలో ‘తుపాను తీరం దాటింది’ అనగానే ఊపిరి పీల్చుకుంటాం. బడి ఎప్పుడు తెరుస్తారంటూ మా టీచర్లకు ఫోన్లు మొదలవుతాయి. ఆ మాటను ఎంతవరకు నమ్ముకోవచ్చో పర్లాకిమిడి వైపు వారికి బాగా తెలుసు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140-150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. కానీ ఒడిశాలో ఎక్కువ ప్రాణాలు పోయింది సముద్రపు ఒడ్డున కాదు, లోపల గజపతి జిల్లా కొండల్లో. బారాఘర ఊరివాళ్లు కొందరు వానకు కొండ గుహలో తలదాచుకుంటే, చరియ విరిగి వారి మీదే పడింది.

వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను, అతి తీవ్ర తుపాను అనే మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టే. 62 కిలోమీటర్లు దాటితే తుపాను, 118 చేరితే అతి తీవ్ర తుపాను. వాన ఎంత పడుతుందో ఈ పేర్లలో లేదు. తీరం దాటి బలహీనపడి మళ్లీ ‘వాయుగుండం’ అయినదే కొండల మీద కుండపోత కురిపించగలదు. మన చానళ్లకు గాలి వేగం చదవడంలో ఉన్న హుషారు వాన లెక్క చదవడంలో ఉండదు.

వాతావరణ శాఖకు మాత్రం ఈ సంగతి తెలుసు. అది హెచ్చరికలను నాలుగు దశల్లో ఇస్తుంది. సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక. నాలుగోది తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వస్తుంది. దాటిన తర్వాత లోపలి జిల్లాల్లో ఏం జరగవచ్చో చెప్పేది అదే. మనం చదవకుండా వదిలేసేదీ అదే.

మ్యాపు మీద తుపాను దారి ముందుకు పోయేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది. గత అంచనాల్లో ఎంత తేడా వచ్చిందో చూసి ఆ వెడల్పు గీస్తారు. అది తుపాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో చెబుతుంది తప్ప, వాన ఎంత మేర పడుతుందో చెప్పదు. మా ఊరు గరాటు బయట ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

రంగులదీ అదే తీరు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. రంగు వేసేటప్పుడు జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అని రెండూ చూస్తారు. ఒకే వాన ఇసుక నేలలో ఇంకిపోతుంది, కొండవాలులో మట్టిని కదిలిస్తుంది. ‘అతి భారీ’ అంటే రోజుకు 12 నుంచి 20 సెంటీమీటర్లు, ‘అత్యంత భారీ’ అంటే అంతకు మించి. ఈ రెండు మాటలకూ తేడా పిల్లలకు ఏడో తరగతికల్లా తెలియాలని మా అభిప్రాయం.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. ఒడిశాలో వాళ్లు ఇంట్లో తెలుగు, వీధి మైకులో ఒడియా వింటారు. అక్కడి లఘుచాప మన అల్పపీడనం, అవపాత మన వాయుగుండం, బాత్యా మన తుపాను. తమిళనాడులో పుయల్. యానాం పాలన పుదుచ్చేరిదే అయినా, బులెటిన్‌లో కోస్తాంధ్రతో కలిపి ఉంటుంది. పుదుచ్చేరి వార్తలు చూసి నిర్ణయం తీసుకోకూడదు.

తరగతి గోడ మీద ఈ మాటల జతలు రాసి పెట్టడానికి ఒక చార్టు చాలు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో గాలి వేగంతో పాటు మీ జిల్లా వాన అంచనా, నాలుగో దశ బులెటిన్ కూడా పెట్టమని టీచర్లను అడగండి. తుపాను తీరం దాటిన రోజు కూడా అడగండి.