హార్డ్‌డిస్కు మార్పిడి తరువాత ఆపరేటింగ్ సిస్టమ్ పునఃస్థాపన

ల్యాప్‌టాప్ కంప్యూటరులో హార్డ్‌డిస్కు చెడిపోయినపుడు, లేదా దాని స్థానంలో వేగవంతమైన సాలిడ్ స్టేట్ డ్రైవును అమర్చినపుడు, తయారీదారు మొదట ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను (నిర్వాహక వ్యవస్థ) తిరిగి ఎక్కించడాన్ని పునఃస్థాపన అంటారు. డిస్కుతో పాటు విండోస్ కూడా పోయిందని, మళ్ళీ కొనవలసిందేనని చాలామంది భావిస్తారు. ఇది సరి కాదు. పోయేది విండోస్ ప్రతి మాత్రమే. దానిని వాడుకునే హక్కు, అనగా లైసెన్సు, పోదు. తయారీదారు ద్వారా వచ్చే లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. హార్డ్‌డిస్కు మార్చినంత మాత్రాన అది రద్దు కాదు.

హైదరాబాదులో నేపథ్యం

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. అదే సంవత్సరం మైక్రోసాఫ్టు సంస్థ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో నెలకొల్పింది. దాని ప్రాంగణం గచ్చిబౌలిలో ఉన్నది. అయితే సైబరాబాదులో పనిచేసే వారి సొంత ల్యాప్‌టాప్ చెడిపోతే మరమ్మత్తుకు చేరే చోట్లలో ముఖ్యమైనది సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. దీనిని అందరూ సి.టి.సి. అనే పిలుస్తారు. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీ వరకు వచ్చిన తరువాత, అక్కడ ఎక్కినవారు రైలు మారకుండానే ప్యారడైజ్ స్టేషనులో దిగి ఈ బజారుకు చేరవచ్చు.

ఇటువంటి బజార్లలో డిస్కు మార్చినపుడు, యంత్రంతో వచ్చిన విండోస్ బదులు ఏదో ఒక విండోస్‌ను దొంగ తాళంతో ఎక్కించి ఇవ్వడం దేశమంతటా ఉన్న అలవాటే. ఇందులో వింత ఏమిటంటే, తన యంత్రానికి ఒకసారి డబ్బు చెల్లించిన వ్యక్తి తెలియకుండానే నకలు వాడకందారుగా మారుతాడు. నకలు అని తెలిసి వాడినవారికి కాపీరైటు చట్టంలోని 63బి సెక్షను క్రింద 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపారం కోసం కాని, లాభం కోసం కాని వాడకపోతే న్యాయస్థానం శిక్ష తగ్గించవచ్చు. చట్టం మాట అటుంచినా, దొంగ తాళాలతో పాటు వైరస్‌లు రావడం సాధారణం.

మూలప్రతి ఎక్కడ ఉంటుంది

తొలినాళ్ళలో ల్యాప్‌టాప్‌తో పాటు రికవరీ సీడీలు ఇచ్చేవారు. 2000 దశకం మధ్య నుండి తయారీదారులు ఖర్చు తగ్గించుకొనుటకు ఆ సీడీలను మానివేసి, హార్డ్‌డిస్కులోనే కనబడని ఒక భాగంలో మూలప్రతిని ఉంచసాగారు. యంత్రం మొదలయ్యేటపుడు హెచ్.పి.లో ఎఫ్11, ఆసుస్‌లో ఎఫ్9, ఏసర్‌లో ఆల్ట్‌తో కలిపి ఎఫ్10 నొక్కితే ఈ భాగం తెరుచుకొనేది. ఈ ఏర్పాటులోని లోపం స్పష్టమే. డిస్కు చెడితే దానిని బాగు చేయవలసిన మందు కూడా దానితోనే పోతుంది. అందుకే యంత్రం కొన్నవెంటనే రికవరీ డిస్కులు తయారు చేసుకొమ్మని తయారీదారులు సూచించేవారు. ఆ సూచన పాటించినవారు తక్కువ.

పాత డిస్కు ఇంకా పనిచేస్తూ ఉంటే, దాని నకలును (క్లోన్) రహస్య భాగాలతో సహా కొత్త డిస్కుపైకి ఎక్కించడం అన్నిటికన్నా సులభం. పని చేయకపోతే యంత్రం సీరియల్ సంఖ్య ఆధారంగా మూలప్రతిని ఇంటర్నెట్ నుండి దించుకొనవచ్చు. డెల్, హెచ్.పి., లెనోవో సంస్థలు పలు నమూనాలకు ఈ సౌకర్యం కల్పించాయి. కొత్త డిస్కు పరిమాణం పాతదానికన్నా తక్కువైతే కొన్ని రికవరీ ప్రతులు ఎక్కవని గమనించాలి.

తాళం సంఖ్య

విండోస్ ఎక్స్‌పీ, విస్టా, 7 కాలపు ల్యాప్‌టాప్‌ల అడుగున 25 అక్షరాల తాళం సంఖ్య గల చీటీ అతికించి ఉండేది. చెమటకు, రాపిడికి అది చెరిగిపోవడం మామూలు. పైగా ఎక్స్‌పీలో ఆ సంఖ్య విడిగా అమ్మే సీడీకి పనిచేయదు. తయారీదారు ద్వారా వచ్చిన సీడీయే కావాలి.

2012 అక్టోబరు 26న విండోస్ 8 విడుదలైన తరువాత ఈ బాధ తప్పింది. అప్పటినుండి తాళం సంఖ్యను మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే నిక్షిప్తం చేస్తున్నారు. స్థాపన సమయంలో విండోస్ దానిని తానే చదువుకొని, ఏ ఎడిషను ఎక్కించవలెనో నిర్ణయిస్తుంది. భారతదేశంలో అమ్మిన అనేక ల్యాప్‌టాప్‌లలో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషను ఉంటుంది. దాని బదులు ప్రొఫెషనల్ ఎడిషను ఎక్కిస్తే యాక్టివేషన్ జరగదు. లైసెన్సు లేదని పొరబడి కొత్తది కొనేవారిలో కొందరికి వచ్చిన చిక్కు ఇదే.

ధర తగ్గించుటకు ఫ్రీడాస్ లేదా ఉబుంటుతో అమ్మిన యంత్రాలు కూడా భారతదేశంలో చాలా ఉన్నాయి. వీటికి విండోస్ లైసెన్సు మొదటినుండీ లేదు. ఉబుంటు ఉచితం కనుక ఎన్నిసార్లయినా ఎక్కించుకొనవచ్చు.

స్థాపన విధానం

మైక్రోసాఫ్టు వెబ్‌సైటు నుండి కనీసం 8 గిగాబైట్ల పెన్‌డ్రైవు పైకి స్థాపన ప్రతిని దించుకొని, యంత్రాన్ని దానినుండి మొదలుపెట్టాలి. తాళం అడిగితే "నా వద్ద లేదు" అనే ఎంపికతో ముందుకు సాగవచ్చు. పని పూర్తయి ఇంటర్నెట్ తగిలించిన తరువాత యాక్టివేషన్ దానంతట అదే జరుగుతుంది. అనుబంధ డ్రైవర్లను తయారీదారు వెబ్‌సైటు నుండి తెచ్చుకోవాలి. నెట్‌వర్కు డ్రైవరును ముందే వేరే కంప్యూటరులో దించి ఉంచుకొనుట మంచిది.

తరచుగా ఎదురయ్యే అడ్డంకి కొత్త డిస్కు అసలు కనబడకపోవడం. ఎక్స్‌పీ రోజులలో సాటా డ్రైవరు లేనందున ఇలా జరిగేది. ఫ్లాపీలో డ్రైవరు పెట్టి ఎఫ్6 నొక్కాలి, లేదా బయాస్‌లో సాటా పద్ధతిని ఐడీఈకి మార్చాలి. ఫ్లాపీలు కనుమరుగైనా సమస్య పోలేదు. 11వ తరం, ఆ తరువాతి ఇంటెల్ ప్రాసెసర్లు గల అనేక ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు వలన ఇదే చిక్కు మళ్ళీ వచ్చింది. సంబంధిత డ్రైవరును పెన్‌డ్రైవులో ఉంచి స్థాపన సమయంలో చూపిస్తే డిస్కు కనబడుతుంది.

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. కనుక పాత యంత్రంలో మొదటి వ్యవస్థనే ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపడం క్షేమం కాదు.

కంపెనీ ల్యాప్‌టాప్‌లు

ఐటీ కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే యంత్రాలలో సాధారణంగా వాల్యూం లైసెన్సు ఉంటుంది. అది కంపెనీదే, యంత్రానిది కాదు. వాటి డిస్కును ఉద్యోగి స్వయంగా మార్చరాదు. కంపెనీలు వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లను పాత సామానుగా కొనేవారు ఈ తేడాను గుర్తించాలి. యంత్రంతో తయారీదారు ఇచ్చిన లైసెన్సు మాత్రమే వారికి సంక్రమిస్తుంది.

పాత డిస్కు

తీసివేసిన డిస్కును దుకాణంలోనే వదిలివేయడం ప్రమాదకరం. చెడిపోయిందనుకున్న డిస్కునుండి కూడా ఫోటోలు, బ్యాంకు పత్రాలు వెలికితీయవచ్చు. త్వరిత ఫార్మాటు సమాచారాన్ని తుడిచివేయదు. బిట్‌లాకర్‌తో గుప్తీకరించిన డిస్కును 48 అంకెల రికవరీ సంఖ్య లేకుండా మరో యంత్రంలో చదవలేరు. ఇది దొంగకే కాక యజమానికీ వర్తిస్తుంది. వారంటీ క్రింద కొత్త డిస్కు ఇచ్చేటపుడు తయారీదారులు సాధారణంగా పాతదానిని వెనుకకు తీసుకుంటారు. దానిని తమ వద్దనే ఉంచుకొనుటకు కొన్ని సంస్థలు అదనపు రుసుముతో అనుమతిస్తాయి.