మూసుకుపోయిన పేజీలు తెరిచే మందు

రొమ్ములో గడ్డ తగిలితే చాలామంది ఆడవాళ్ళు ఎవరికీ చెప్పరు. సిగ్గు పడతారు. "నొప్పి లేదు కదా, అదే పోతుందిలే" అనుకుంటారు. కాని రొమ్ము క్యాన్సర్ గడ్డకు మొదట్లో తరచుగా నొప్పి ఉండదు. ఈ జబ్బులో లోపల ఏం జరుగుతుంది? కొత్త మందులు ఏం చేస్తాయి? తెలుసుకుందాం.

మన ఒళ్ళంతా కణాలతో తయారైంది. కణం కంటికి కనబడనంత చిన్నది. దాని లోపల పుస్తకం లాంటిది ఒకటి ఉంటుంది. దాని పేరు డి.ఎన్.ఏ. కణం ఏం చేయాలో అందులో రాసి ఉంటుంది. ఆ పుస్తకం నుంచి చీటీలు బయటికి వస్తాయి. చీటీలో ఉన్నట్టు కణం పని చేస్తుంది.

అయితే ప్రతి చీటీ అమలు కాకూడదు. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు బ్యారన్ చూడండి. మంట పెంచేవాళ్ళే ఉంటే చాలదు. "ఇక చాలు, తగ్గించు" అనేవాళ్ళూ ఉండాలి. లేకపోతే ఆకు పాడైపోతుంది. కణంలో అలా చీటీలను ఆపేవే మైక్రో ఆర్.ఎన్.ఏ.లు. అమెరికాలో వీటిని మొదట 1993లో కనుగొన్నారు. అందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఇలాంటి పేజీలు కొన్ని మూసుకుపోతాయి. అక్షరాలు చెరిగిపోవు. మిథైల్ అనే చిన్న రసాయనం జిగురులా అంటుకుంటుంది. ఇక కణం ఆ పేజీ చదవలేదు. మిర్-200 అనే మైక్రో ఆర్.ఎన్.ఏ. కణాలు చోటు వదలకుండా చూస్తుంది. దాని పేజీ మూసుకుంటే జబ్బు పాకడం సులువవుతుంది.

ఈ జిగురు వదిలించేవే ఎపిజెనెటిక్ మందులు. అజాసైటిడిన్ అలాంటిది. కణం రెండుగా చీలేటప్పుడు కొత్త పుస్తకానికి జిగురు పడనివ్వదు. ప్రయోగశాలలో రొమ్ము క్యాన్సర్ కణాలకు ఇలాంటి మందు ఇచ్చి చూశారు. మూసుకున్న పేజీలు కొన్ని తెరుచుకున్నాయి. ఆగిపోయిన మైక్రో ఆర్.ఎన్.ఏ.లు మళ్ళీ తయారయ్యాయి.

కాని ఒక చిక్కు ఉంది. కొన్ని మైక్రో ఆర్.ఎన్.ఏ.లు క్యాన్సర్‌కే సాయం చేస్తాయి. మందుకు మంచి పేజీ, చెడ్డ పేజీ తేడా తెలియదు. అందుకే తొందరపడకుండా పరీక్షిస్తున్నారు. అజాసైటిడిన్‌కు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. అదీ ఒక రక్తం జబ్బుకు. పేజీలను వేరే దారిలో తెరిచే మందు ఒకటి ఉంది. దాన్ని ఇంకో మందుతో కలిపి రొమ్ము క్యాన్సర్‌కు వాడడానికి 2019లో చైనా అనుమతించింది.

మరి అందాకా వైద్యం లేదా? ఉంది. ఆపరేషన్ ఉంది. రేడియేషన్ ఉంది. దాన్నే ఊళ్ళో "కరెంటు పెట్టడం" అంటారు. మందులూ ఉన్నాయి. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన పరిశోధనలో అది తయారైంది.

గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వెళితే వైద్యం బాగా పనిచేస్తుంది. రొమ్ములో గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం రావడం, వీటిలో ఏది కనబడినా దాచకండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. ఏది అవునో, ఏది కాదో పరీక్ష చేసి డాక్టరే తేల్చాలి.