పూల్ ఆట - నేర్చుట, నేర్పుట

సాయంకాలము ప్రాంతీయ వార్తలు ముగిసినవి. ఇంటి కుర్రవాడు ఇంకను రాలేదు. ఎక్కడికి పోయినాడని తండ్రి అడిగినచో, "పూల్ ఆడ పోయినాడు నాన్నా" అని చెల్లెలు చెప్పును. తండ్రి కనుబొమలు ముడివడును. ఆ మాట వినినంతనే పందెములు, పొగ, చెడు సహవాసము పెద్దల మనస్సునకు తోచుట సహజమే. అట్టి తండ్రులు మదనపల్లెలోను, పుంగనూరులోను, కుప్పములోను గూడ ఉందురు. ఆ తండ్రికిని, ఆ కుర్రవానికిని ఉభయులకును పనికివచ్చునట్లు, ఈ ఆట యెట్టిదో, దానిని నేర్చు విధ మేదో, నేర్చినదానిని ఇతరులకు పంచుట యేల అవసరమో ఇచ్చట వివరింప దలచినాము.

పెద్దల అనుమానమునకు మూలము లేకపోలేదు. ఇంగ్లీషున 'పూల్' అను మాటకు, పందెగాండ్రందరు కలిపి వేసిన సొమ్ము అను అర్థము గలదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో గుర్రపు పందెములు కాయు గదులను పూల్ గదులు అనెడివారు. ఒక పందెమునకును మరియొక పందెమునకును నడుమ వచ్చినవారికి ప్రొద్దు పోవుటకై యజమానులు అచ్చట బిలియర్డ్స్ బల్లలు వేయించిరి. కాలక్రమమున గుర్రముల మాట మరుగుపడినది. పేరును, దానితోపాటు అపకీర్తియు బల్లలకు మిగిలినవి. దోషము పందెముదని, ఆట వేరని పెద్దలు మొదట గ్రహింపవలెను.

బల్లపై కర్రతో బంతులను కొట్టు ఆటలలో మన దేశమున మూడు ప్రసిద్ధములు. బిలియర్డ్స్ ఆటకు మూడే బంతులు. స్నూకర్ ఆటకు తెల్లబంతితో కలిపి 22 బంతులు. పూల్ ఆటలో తెల్లబంతి గాక, అంకెలు వేసిన బంతులు 15 ఉండును. తరచుగా ఆడు 'ఎయిట్ బాల్' పద్ధతిలో 1 మొదలు 7 వరకు గల బంతులు ఒకరివి, 9 మొదలు 15 వరకు గల చారల బంతులు మరియొకరివి. తన యేడింటిని పాకెట్లలో వేసిన పిమ్మట నల్లని 8వ బంతిని వేసినవాడు గెలుచును. తొందరపడి దానిని ముందుగనే వేసినవాడు ఓడును.

ఈ ఆటలు కేవలము పరదేశపు సొత్తు కావు. స్నూకర్ పుట్టినది 1875లో, మన జబల్పూరులోని సైనికాధికారుల భోజనశాలలో. దాని నియమములు కొంతకాలమునకు ఉదకమండలము క్లబ్బులో స్థిరపడినవి. ఆ పేరు వచ్చిన విధము కూడ వినదగినది. ఆనాటి సైనిక పాఠశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థిని 'స్నూకర్' అని వేళాకోళమాడెడివారట. ఆటను కల్పించిన నెవిల్ చేంబర్లేన్ అను యువాధికారి, సులభమైన బంతిని తప్పిన స్నేహితుని ఆ పేరుతో పిలిచి, అతడు చిన్నబుచ్చుకొనగా, ఈ ఆటలో మనమందరమును స్నూకర్లమే గదా యని సర్దిచెప్పెనని చెప్పుదురు. అనగా క్రొత్తవాడు అను మాటయే ఈ విద్యకు పేరైనది.

ఇక మన ఊళ్ళ సంగతి. పూల్ బల్ల అన్ని చోట్ల దొరకునది కాదు. క్యారమ్ బల్ల యన్ననో వీధివీధిన ఉండును. గోలీలాడని బాల్యము మన వైపున అరుదు. మదనపల్లె కుర్రవాడు మొదటిసారి పూల్ బల్ల వద్దకు పోవునప్పుడు ఏమియు తెలియనివాడుగా పోవుట లేదు. బిళ్ళను ఏ వైపున తాకిన అది ఏ మూలకు పోవునో అతని కంటికి ముందే తెలియును. ఆ తెలివి యంతయు ఇచ్చట చెల్లును. అయినను మొదటి దినముననే అతడు ఓడిపోవును. ఎందుచేత?

కారణములు రెండు. మొదటిది బరువు. క్యారమ్ స్ట్రైకర్ 15 గ్రాముల వరకు తూగవచ్చును. బిళ్ళ 5 గ్రాములకు కొంచెము పైన మాత్రమే. అందుచే బిళ్ళను నిండుగా తాకినను స్ట్రైకర్ దాని వెనుకనే ముందుకు సాగును. పూల్ బంతులు ఇంచుమించు సమానమైన బరువు గలవి. తెల్లబంతి దొర్లకుండ జారుచు పోయి మరియొక బంతిని నిండుగా తాకినచో, తన వేగమునంతను దానికిచ్చి తాను ఉన్నచోటనే నిలిచిపోవును. రెండవ కారణము మరింత ముఖ్యమైనది. క్యారములో ప్రతి దెబ్బకును స్ట్రైకరును తెచ్చి మన గీతపై మనకు నచ్చిన చోట పెట్టుకొందుము. పూల్ ఆటలో తెల్లబంతి ఎచ్చట ఆగునో అచ్చటినుండియే తరువాతి దెబ్బ కొట్టవలెను. కనుక ప్రతి దెబ్బకును రెండు పనులు: ఒక బంతిని పాకెట్టులో వేయుట, తెల్లబంతిని తరువాతి బంతికి అనుకూలమైన చోటికి పంపుట. మొదటి పని క్యారమ్ నేర్పినది. రెండవ పనియే పూల్ విద్య.

సాధనములను గూర్చియు కొంత తెలియవలెను. బల్ల పైభాగము చెక్క యని పలువు రనుకొందురు. మేలైన బల్లలలో ఆకుపచ్చని బనాతు క్రింద పలకరాయి ఉండును. మార్కాపురము పలకలపై మన పిల్లలు అక్షరములు దిద్దినది ఈ జాతి రాతిమీదనే. ఎండకు, వానకు చెక్క వంగును గాని రాయి వంగదు. అందుకే మోటగాలికిని, ముసురుకును బల్ల చదును చెడదు. బంతుల కథ మరింత విచారకరము. పూర్వము వానిని ఏనుగు దంతముతో చేసెడివారు. ఒక దంతమునుండి కొన్ని బంతులు మాత్రమే వచ్చును గనుక, ఈ వినోదమునకై బలియైన ఏనుగులు అనేకములు. దంతమునకు బదులుగా మరియొక పదార్థమును వెదకుటలోనే 1870 ప్రాంతమున అమెరికాలో జాన్ వెస్లీ హయత్ సెల్యులాయిడును రూపొందించెను. నేటి బంతులు గట్టి రెసిన్ తో చేసినవి. వాని వ్యాసము 57 మిల్లీమీటర్లు. కుప్పము, పలమనేరు అడవులలో ఏనుగుల మందలను చూచినవారికి ఈ మార్పు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

నేర్చువాడు మొదట నిలుచుట నేర్వవలెను. ఎడమ కాలు కొంచెము ముందునకు, కుడి కాలు గురి రేఖపైన, గడ్డము కర్రకు దగ్గరగా ఉండవలెను. ఎడమ చేతిని బల్లపై ఆనించి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ కర్ర జారుటకు కాలువ యేర్పరచవలెను. కుడి చేయి మోచేతినుండి గడియారపు లోలకమువలె ఊగవలెను, భుజము కదలరాదు. కర్ర కొనకు సుద్ద రాచుట అలంకారము కొరకు కాదు. కొననున్న తోలు నున్ననైనచో బంతిని తాకునప్పుడు జారిపోవును.

తరువాత గురి. పాకెట్టునుండి వేయవలసిన బంతి నడిమికి ఒక గీతను ఊహించి, ఆ గీతను బంతి వెనుకకు పొడిగింపుడు. ఆ గీతపై, ఆ బంతిని ఆనుకొని, కంటికి కనబడని మరియొక బంతి యున్నట్లు భావింపుడు. తెల్లబంతి పోయి సరిగా ఆ కనబడని బంతి స్థానమును ఆక్రమించినచో పని నెరవేరును. ఇది యింటిలో భోజనపు బల్లపై రెండు గోలీలతో గూడ అభ్యసింపదగినది. తెల్లబంతి నడిమిని ఎదుటి బంతి అంచునకు గురిపెట్టి కొట్టినచో, ఆ బంతి గురి రేఖకు 30 డిగ్రీల కోణమున పోవును. ఈ ఒక్క కోణము కంటికి అలవడినచో, తక్కిన వానిని దానితో పోల్చి కొలుచుకొనవచ్చును.

పిమ్మట తెల్లబంతిని పాలించుట. మధ్యకు పైన కొట్టినచో అది దొర్లుచు, తాకిన తరువాతను ముందుకు సాగును. మధ్యకు క్రింద కొట్టినచో వెనుకకు తిరుగును. తిరుగుడు లేక జారుచు పోయి, పక్కగా తాకినచో, రెండు బంతులు ఒకదాని కొకటి 90 డిగ్రీల కోణమున విడిపోవును. ఈ మూడు దెబ్బలను మెల్లగాను, మధ్యమముగాను, గట్టిగాను కొట్టి, తెల్లబంతి ఎచ్చట ఆగినదో ప్రతిసారి గుర్తించుటయే సాధన. పాకెట్టులో పడిన బంతిని చూచి సంతసించువాడు ఆటగాడు. తెల్లబంతి ఆగిన చోటును చూచువాడు విద్యార్థి.

ఇంతవరకు చెప్పినది వ్రాసి చెప్పదగిన భాగము. మిగిలినది ఒకరినుండి మరియొకరికి చేతిమీదుగా రావలసినదే. తన మోచేయి ప్రక్కకు పోవుచున్నదని తనకు తెలియదు. ఎదుట నిలిచినవానికి తెలియును. కష్ట మిక్కడనే గలదు. మన చిన్న పట్టణములలో ఈ ఆటకు గురువులు అరుదు. బల్లకు గంటకింత యని రుసుము. ఓడినవాడే ఆ రుసుము చెల్లించుట పలుచోట్ల వాడుక. ఫలిత మేమి? నేర్చినవాడు ఉచితముగా ఆడును. నేర్వనివాడు అతని కొరకు చెల్లించును. తెలిసినవాడు తెలియనివానికి ఒక మర్మము చెప్పినచో, రేపు తానే చెల్లింపవలసి వచ్చునేమో యను భయము. అందుచే విద్య దాగును. టమాటా మండీలో మూటలు మోసి సంపాదించిన నాలుగు రూపాయలు తెచ్చిన కుర్రవాడు పది దినములు చెల్లించి, పదునొకండవ దినమున రాక మానును. తెలిసినవానికి చివరకు ఎదుట ఆడువాడే లేకపోవును.

ఈ అనుభవము మాకును గలదు. మేము మొదట ఆడిన చోట ఒక నేర్పరి ఉండెడివాడు. తెల్లబంతిని వెనుకకు రప్పించుట ఎట్లని అడిగినచో నవ్వి ఊరకుండెడివాడు. నెల దినములు మేము రుసుము చెల్లించితిమి. ఒకనాడు పుంగనూరునుండి వచ్చిన పెద్దాయన యొకరు మా వెనుక నిలిచి చూచి, "అబ్బాయీ, కొట్టినావు గాని కర్రను బంతిని దాటి పోనీయలేదు, భయపడి నిలిపేసినావు" అనెను. ఆ ఒక్క మాటతో ఆనాడే బంతి వెనుకకు వచ్చినది. ఆయన ఋణము తీర్చు దారి, ఆ మాటను మరియొకరికి చెప్పుటయే యని మా అభిప్రాయము.

గొప్పవారి చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేతయై, 1964లో మరల ఆ గౌరవము పొందెను. ఆ తరువాత శిక్షకుడై క్రొత్తవారిని తీర్చిదిద్దెను. 1996లో శిక్షకులకిచ్చు ద్రోణాచార్య పురస్కారము ఆయనకు లభించినది. మన మూడు ఊళ్ళకును దాపుననున్న మహానగరము బెంగుళూరు. అచ్చట పెరిగిన పంకజ్ అద్వానీకి పది యేండ్ల వయస్సున ఈ ఆట రుచి చూపినవాడు అన్నగారు; విద్య గరపినవాడు పూర్వపు జాతీయ విజేత అరవింద్ సవూర్. 2003లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ విజేతయైన ఆ బాలుడు తరువాత 25కు మించిన ప్రపంచ బిరుదములు గెలిచెను. కర్ణాటకకు చెందిన ఉమాదేవి నాగరాజ్ 2012లో మహిళల ప్రపంచ బిలియర్డ్స్ విజేత యగుటచే, చెల్లెలికి ఈ బల్ల తగదని చెప్పుటకును వీలులేదు.

కావున ఆడువారికి మా సూచనలు కొన్ని. క్రొత్తవాడు ఆడు దినమున రుసుమును చెరిసగముగా పంచుకొనుడు. గంటలో మొదటి పావుగంట ఆటకు గాక నేర్పునకు కేటాయింపుడు. ఒక తప్పును చూచినప్పుడు ఒక్క తప్పునే చెప్పుడు. ఒకేసారి నాలుగు చెప్పినచో ఏదియు నిలువదు. చెప్పుటకు ముందు ఆతని అనుమతి అడుగుడు. కర్ర లాగుకొని మీరే కొట్టి చూపకుడు. ఆతని చేతనే కొట్టింపుడు. పందెము కాయువానిని, ఎంత నేర్పరియైనను, గురువుగా నెంచకుడు.

పెద్దలకును ఒక మనవి. కుర్రవాడు ఇంటికి వచ్చినప్పుడు గెలిచితివా, ఓడితివా యని గాక, నేడు ఏమి నేర్చితివి, ఎవరికి నేర్పితివి యని అడిగి చూడుడు. ఒక దినము వానితో పోయి ఆ గదిని కన్నులార చూడుడు. అది పందెముల గది యైనచో ఒక్క చూపునకే తెలియును. సాధన గది యైనచో, ఎవడో యొక కుర్రవాడు తప్పక మీ చేతికిని ఒక కర్ర నిచ్చును. మొదటి దెబ్బ తప్పినందుకు సిగ్గుపడ నక్కరలేదు. ఆ బల్ల వద్ద అందరును స్నూకర్లే.