నల్లా వచ్చింది, ఇక పళ్లను అడగాలి

నకిరేకల్, కట్టంగూరు, కేతేపల్లి సర్కారు బడుల్లో ఇప్పుడు మూడు, నాలుగు తరగతులు చదువుతున్న పిల్లలకు పాలపళ్లు ఊడి, శాశ్వతంగా ఉండే ముందుపళ్లు వచ్చాయి. నల్గొండ జిల్లాను తరాల తరబడి పీడించిన ఫ్లోరోసిస్ నిజంగా పోయిందా, కాగితాల మీదే పోయిందా అన్న సంగతి తేల్చగలిగేవి ఈ పళ్లే. ముందుపళ్ల పైపొర, అంటే ఎనామిల్, బిడ్డ పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ల వయసు దాకా దవడ లోపలే తయారవుతుంది. ఆ కాలంలో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే గార పడుతుంది. పొర ఏర్పడిపోయాక కొత్తగా పడదు, పడింది పోదు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. ఆ తర్వాత పుట్టిన పిల్లల ముందుపళ్లు 2022-23 నుంచే బయటికి రావడం మొదలైంది. 2015 నాటికి తెలంగాణలో 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలుండగా, 2020 నాటికి ఒక్కటీ లేదని కేంద్రం ప్రకటించింది. అది పైపులను బట్టి, నీటి సరఫరాను బట్టి కట్టిన లెక్క. మనుషుల ఒంట్లోంచి తీసిన లెక్క ఇంకా రావాలి. దాన్ని భూగర్భ శాస్త్రం, వైద్యం, ఇంజనీరింగ్, బడి కలిసి తీయాలి, తీసింది తెలుగులో ఊరికి చెప్పాలి.

కలిసి అని గట్టిగా చెప్పడానికి కారణం ఈ జిల్లా పరిశోధన చరిత్రే. నల్గొండ మీద జరిగినంత శాస్త్ర పరిశోధన తెలంగాణలో చాలా జిల్లాల మీద జరగలేదు. తెలుగు నేల మీద ఈ జబ్బును 1937లోనే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికల్లో వర్ణించారు. నల్గొండ ఎముకల కథను ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు రాశారు. ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తోందో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు నారాయణపురం వైపు వాయిలపల్లి పరీవాహకంలో ఏళ్ల తరబడి గమనించారు. ఇక్కడి గ్రానైటు రాయిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. నీరు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువకాలం నిలిస్తే, దానిలో కాల్షియం తగ్గి క్షారగుణం ఎంత పెరిగితే, రాయిలోని ఫ్లోరైడ్ అంతగా నీళ్లలోకి దిగుతుంది. వాన తక్కువ, బోర్లు ఎక్కువ అయిన చోట ఇది ముదరడంలో వింత లేదు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రామే మేలని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. జిల్లాలో కొన్ని బావుల్లో దానికి ఎన్నో రెట్లు దొరికింది. అయితే రాయిని చూసినవారు రాయినే రాశారు, ఎముకను చూసినవారు ఎముకనే రాశారు.

ఆ విడివిడితనం ఎంత నష్టం చేసిందో ‘నల్గొండ టెక్నిక్’ చెబుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన ఈ పద్ధతి టాంజానియా, కెన్యా దాకా వెళ్లింది. చేసే పని చూడటానికి సులువు. బకెట్ నీళ్లలో కొలిచిన సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. మొదట గబగబా, తర్వాత పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా వదిలేస్తారు. పటిక దూదిపింజల్లా విచ్చుకుని ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి చేరుతుంది. అడుగుకు కాస్త పైన బిగించిన కుళాయి నుంచి తేట నీళ్లు పట్టుకోవాలి. రసాయన శాస్త్రంగా ఇందులో తప్పు లేదు. కానీ ఎంత పటిక వేయాలో నీటి క్షారగుణాన్ని బట్టి, ఫ్లోరైడ్‌ను బట్టి మారుతుంది. ఎండాకాలం కొలత వానాకాలానికి పనికిరాదు. కొలత తప్పితే ఫ్లోరైడ్ దిగదు, లేదంటే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. అడుగున చేరిన బురదను ఎక్కడ పారబోయాలన్నది ఇంకో చిక్కు. పొద్దున్నే కూలికి పోయే ఇల్లాలు రోజూ ఈ పని చేయగలదా, ఊరి ప్లాంటు నడిపే మనిషికి జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్నలు ప్రయోగశాలలో ఎవరూ వేయలేదు. జిల్లా పేరును ప్రపంచానికి చేరవేసిన ఈ పద్ధతి జిల్లా ఊళ్లలో నిలదొక్కుకోలేదు.

శాస్త్రాలు కలిసిన చోట ఏం దొరుకుతుందో కూడా ఈ నేలే చూపించింది. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త రూపాన్ని వెల్లడించారు. అప్పటిదాకా ఎముకల ఫ్లోరోసిస్ అంటే నడుము బిగుసుకుపోయిన పెద్దవాళ్ల జబ్బు. వీరికి కనిపించింది ఎదిగే పిల్లల్లో మోకాళ్లు రెండూ తాకి పాదాలు ఎడంగా పోవడం, ఎముక గుల్లబారడం. పీడితుల్లో జొన్న తినేవాళ్లు ఎక్కువ. ఆ ఊళ్ల జొన్నలో మాలిబ్డినం ఎక్కువుందని సంస్థ తర్వాతి పరిశీలనలు చెప్పాయి. మాలిబ్డినం పెరిగితే ఒంట్లో రాగి తరిగిపోతుంది. 1967లో నాగార్జునసాగర్ నిండాక చుట్టూ భూగర్భ జలం పైకొచ్చి, నేల క్షారం పెరిగి, పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చిందన్నది వారి ఊహ. అది చివరిమాట కాకపోయినా, ఒక పిల్లవాడి మోకాలి నుంచి జొన్నకంకి మీదుగా ఆనకట్ట దాకా సాగిన ఆలోచన అది. డాక్టరు ఒక్కడైతే అంతదూరం పోలేడు, ఇంజనీరు ఒక్కడైతే ఆ మోకాలిని చూడడు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని 2002లో చూపించిందీ ఈ సంస్థవారే. అది ఎన్ని బడుల మధ్యాహ్న భోజనం దాకా వచ్చింది?

ఇక్కడొక బలమైన అభ్యంతరం ఉంది. నల్గొండకు నీళ్లు తెచ్చింది పరిశోధన కాదు, పోరాటమని. ఆ మాటలో నిజముంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మంచినీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో నల్గొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది, దేశమంతా ఈ జిల్లా నీళ్ల గురించి విన్నది. సాగర్ వెనుక జలాలు పానగల్లు ఉదయసముద్రం దాకా రావడం వెనుక, తర్వాత ఇంటింటికీ నల్లా రావడం వెనుక ఆ ఒత్తిడి ఉంది. అయితే నడుము వంగడానికి కారణం కర్మ కాదు, బోరు నీళ్లని జనం నోటికి అందించింది ఎవరు? ఎక్స్‌రేలు, నీటి పరీక్షలు లేకపోతే ఆ ఎన్నికలో నిలబడటానికి వాదనే ఉండేది కాదు. రెండింటినీ పోటీ పెట్టడం నాకు నచ్చదు.

రెండో అభ్యంతరం: సమస్య తీరిపోయింది, ఇంకా తవ్వడమెందుకు? నల్లా ఉండటం వేరు, నల్లా నీళ్లే తాగడం వేరు. పైపు పగిలిన రోజున, మోటారు కాలిన వారంలో ఊరు మళ్లీ బోరు దగ్గరికే పోతుంది. పొలంలో దాహమేస్తే చేతికందేది బోరు నీళ్లే. తాగడానికి క్యాను కొనే ఇళ్లలోనూ వంటకు ఏ నీళ్లు వాడుతున్నారో అడిగితే గాని తెలియదు. పప్పులోకి, అన్నంలోకి పోసిన నీళ్లు కూడా తాగినట్టే. ఆర్‌ఓ ప్లాంటు వదిలే వృథా నీళ్లలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడి మళ్లీ అదే నేలలోకి ఇంకుతుంది. ఇవన్నీ కలిపి పిల్లవాడి ఒంటికి ఎంత చేరిందో పైపుల లెక్కలో కనిపించదు, పంటి మీద కనిపిస్తుంది.

ఈ పరీక్షకు పాత సాక్ష్యం ఉంది. అమెరికాలో ఐడహో రాష్ట్రపు ఓక్లీ అనే చిన్న ఊరు, గార పళ్లకు కారణమేమిటో ఎవరికీ తెలియని రోజుల్లోనే, నీళ్ల మీద అనుమానంతో 1925లో నీటి వనరు మార్చుకుంది. ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్లు మచ్చ లేకుండా వచ్చాయని దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే 1933లో వెల్లడించాడు. అసలు దోషి ఫ్లోరైడని తేలింది ఈ మధ్యలో, 1931లో. ఓక్లీలో చేసింది మన దగ్గర ఇంకా పకడ్బందీగా చేయొచ్చు. చౌటుప్పల్ నుంచి చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్ మీదుగా కేతేపల్లి మూసీ ప్రాజెక్టు దాకా ఒకే జాతీయ రహదారి మీద రకరకాల నీటి చరిత్ర ఉన్న ఊళ్లున్నాయి. ఒకే ఇంట్లో 2012లో పుట్టిన అక్క, 2017లో పుట్టిన తమ్ముడు ఉంటారు. తిండి అదే, ఇల్లదే, మారింది నీళ్లే. ఇద్దరి ముందుపళ్లకు ఒకే వెలుతురులో ఫోటో తీసి, ఏది ఎవరిదో తెలియని దంతవైద్యులచేత గ్రేడు వేయించాలి.

పిల్లల వివరాలు సేకరించాల్సిన బడి టీచర్లకు ఇదంతా చేతనవుతుందా, పంటి మీద తెల్లమచ్చ జ్వరం వల్లనో టూత్‌పేస్టు మింగడం వల్లనో రాదా అని అడిగేవారుంటారు. వస్తుంది. అందుకే అక్కాతమ్ముళ్లను పోల్చడం, అందుకే పేరు దాచి గ్రేడు వేయించడం. ఉపాధి కోసం కుటుంబాలు హైదరాబాద్ పోయి వచ్చే జిల్లా ఇది కనుక, బిడ్డ అయిదేళ్లలోపు ఏ ఊళ్లో ఏ నీళ్లు తాగిందో కూడా రాసుకోవాలి. టీచరు చేయాల్సింది రోగనిర్ధారణ కాదు, ఈ వివరం సరిగ్గా రాబట్టడం. తల్లిని ఆమె మాటలో అడిగి రాబట్టగలిగేది ఆ ఊరి టీచరే. ఫలితం కూడా అదే మాటలో గ్రామసభలో చదివి వినిపించాలి. తొంభై ఏళ్లుగా ఈ నేల మీద రాసిన పరిశోధనల్లో చాలావరకు ఇంగ్లిషు పత్రికల్లోనే ఉండిపోయాయి. ఎవరి ఎముకల మీద రాశారో వాళ్లు చదవలేని చోట ఉండటం అన్యాయం.

దీనికి కొత్త భవనం కోసం ఎదురుచూడనక్కర్లేదు. చౌటుప్పల్‌లో ప్రాంతీయ ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం మాట 2016లోనే వచ్చింది. 2022 మునుగోడు ఉప ఎన్నికలో అది రాలేదన్నదే వివాదమైంది. ఆ పరిశోధన కేంద్రం వస్తే మంచిదే, మర్రిగూడ వైపు నడుము బిగిసిన పెద్దవాళ్లకు వైద్యపరంగా చేయాల్సింది ఇంకా ఉంది. వెన్నుపాము నొక్కుకుపోయిన ఫ్లోరోసిస్ రోగుల మీద న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి దశాబ్దాలపాటు చేసిన పని కొనసాగాలి. కానీ పళ్ల లెక్కకు కావలసినవన్నీ ఉన్నాయి. నార్కట్‌పల్లిలో, నల్గొండలో మెడికల్ కాలేజీలు, నల్గొండలోనే మహాత్మాగాంధీ యూనివర్సిటీ, హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ, తార్నాకలో పోషకాహార సంస్థ. లేనిది వ్యవధి. పాత నీళ్లు తాగిన చివరి పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. వాళ్లు పదో తరగతి పాసై ఇంటర్‌కు హైదరాబాద్ బస్సెక్కితే, అక్కనూ తమ్ముణ్నీ ఒకే ఊరి బడిలో పక్కపక్కన కూర్చోబెట్టి పోల్చే వీలు మళ్లీ రాదు.